గొంతు పక్కన చెవి

ఫోన్లో నాగరాజు చెప్పింది సన్మానం. దామోదరానికి వినపడింది సంతాపం.

తప్పు దామోదరం చెవులది కాదు. ఆ సమయానికి ఫ్లెక్సు మిషను కీచుమంటూ ఒక పెళ్ళికొడుకును తలపాగా నుంచి మొదలుపెట్టి కిందికి అచ్చు వేస్తోంది. వీధికి అవతలి ఇంట్లో మరమగ్గాలు టకటకమని ఆడుతున్నాయి. నగరిలో ఫోను మాట్లాడటమంటే సగం వినడం, సగం ఊహించుకోవడం. దామోదరం ఊహ ఎప్పుడూ చావు వైపే మొగ్గుతుంది. పెళ్ళిళ్ళు ముహూర్తాలుంటేనే అంగడికి వస్తాయి. చావులకు అలాంటి పట్టింపు లేదు.

“మునిచంద్రన్న పోయినాడంట పాపా,” అన్నాడు ఫోను జేబులో వేసుకుంటూ. దామోదరం పేరులో ఉదరం ఉంది, మనిషిలో ఇంకొంచెం ఎక్కువ ఉంది; బాధ వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ దాని మీదే పెట్టుకుంటాడు. “పది అడుగుల ఫ్లెక్సు. అర్జంటు. ఆదివారానికి తిరపతికి పోవాలంట.”

చచ్చిపోయిన మనిషి తిరుపతికి ఎందుకు పోవాలో కోమలికి అర్థం కాలేదు. కానీ ఆ అంగట్లో డిజైనింగు చేసే మనిషికి అర్థం కావలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మునిచంద్ర ఆ వార్డుకు మాజీ కౌన్సిలరు. మాజీ అన్న మాట అచ్చులో పడితే ఆయనకు తలనొప్పి వస్తుంది కాబట్టి ఫ్లెక్సుల మీద ఉత్త పేరే వేయించుకుంటాడు. వార్డులో ఎవరికి పెళ్ళయినా, పిల్ల పెద్దమనిషయినా, ముసలివాళ్ళు పోయినా కూడలిలో ఫ్లెక్సు లేస్తుంది. దాని అడుగున మునిచంద్ర అన్న పేరు అరగజం ఎత్తున ఉంటుంది. అలాంటి మనిషే పోయాడంటే ఇక అడుగున ఎవరి పేరు వేయాలన్నది కోమలికి వచ్చిన మొదటి సందేహం. ఆ సందేహాన్ని పక్కన పెట్టి, ఆయన నవ్వుతున్న ఫొటో తీసి, మెడలో దండ వేసి, అటొక దీపం ఇటొక దీపం వెలిగించింది.

అప్పుడే నాగరాజు లోపలికి వచ్చాడు. ఇతను మునిచంద్రకు కుడిభుజం, ఎడమచేతిలో ఎప్పుడూ ఫోను. కంప్యూటరు తెర మీద తన నాయకుడు రెండు దీపాల మధ్య నవ్వుతూ కనిపించేసరికి ఆ భుజమూ ఆ చెయ్యీ రెండూ వేలాడిపోయాయి.

విషయం తేలడానికి మిషను ఆపవలసి వచ్చింది. పెళ్ళికొడుకు నడుము దగ్గరే ఆగిపోయాడు. సన్మానమయ్యా సామీ, సంతాపం కాదు, అని నాగరాజు చెవిలో చెప్పినట్టు చెప్పాడు. దామోదరం లెంపలేసుకున్నాడు. కోమలి మాత్రం మౌసు పట్టుకుని చూస్తే మార్చవలసింది పెద్దగా ఏమీ కనపడలేదు. దండ ఉంటుంది, శాలువా ఉంటుంది, లేని గుణాలు నాలుగు ఉంటాయి. సన్మానంలో మనిషి కూర్చుని వింటాడు, సంతాపంలో పడుకుని వినడు, అంతే తేడా. దీపాలు తీసేసి పావురాలు పెట్టింది.

“దేనికి సన్మానం?” అని అడిగింది.

“అన్న కవి అయినాడు కదక్కా. తిరపతిలో సాహిత్యం సంగమోళ్ళు ఈ ఏటి మంచి కవిత అన్నదే అని తేల్చినారు. అచ్చేసిన పేపరుండాది సూడు. ఈ లైన్లన్నీ ఫ్లెక్సులో రావాల.”

కోమలి కాగితం తీసుకుంది.

*కన్నీటి అంజలి*

*నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య పనిచేసి*
*వరదయ్య చెవులు పోగొట్టుకున్నాడు.*
*వీధంతా ఆయనతో*
*అరిచి మాట్లాడేది.*
*భార్య మాత్రం*
*గొంతు*
*పెంచలేదు. ఆమె*
*పెదవులు చూసి*
*ఆయన వినేవాడు.*
*మంగళవారం పొద్దున కరెంటు పోయింది.*
*మగ్గాలన్నీ ఆగాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.*
*ఇప్పుడు*
*ఆమె అరుస్తోంది.*

*మునిచంద్ర*

చదవడానికి ఆమెకు కళ్ళు అక్కరలేదు. ఆ మాటలు ఈ కుర్చీలోనే, ఈ కీబోర్డు మీదే, కాఫీ చల్లారిపోతుంటే రాసింది. వరదయ్య వాళ్ళ వీధివాడే. ఆయన పోయిన రోజు, అందరికీ వేసే ‘మీరు లేని లోటు తీరనిది’ అన్న వాక్యాన్ని ఆయన పక్కన పెట్టబోతే చెయ్యి రాలేదు. లోటు తీరనిది అన్న ఆ ముక్కను అంతకుముందు ఎంతమందికి అంటించిందో, ఆ మాటకే లోటు వచ్చినట్టుంది. దాన్ని చెరిపేసి ఇది రాసింది. ఫ్లెక్సు కూడలిలో లేచింది, ఎండకు వెలిసింది, ఎవరింటి గేదెల కొట్టం మీదికో కప్పుగా పోయింది. అంతటితో అయిపోయిందనుకుంది.

“ఇది నాది,” అంది.

నాగరాజు నవ్వాడు. దామోదరం దగ్గాడు.

ఎలా జరిగిందో నాగరాజే ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు, తను చేసిన మేలు ఎవరికైనా చెప్పుకోవాలి కదా. ఆ రోజు ఫ్లెక్సును ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకోబోయాడు. పొద్దున్నే పోయినోడి మొహం స్టేటస్‌లో ఎందుకని, ఫోనులో వేలితో రుద్ది వరదయ్యను మాయం చేశాడు. వరదయ్య అలా రెండోసారి పోయాడు. మిగిలింది పైన కన్నీటి అంజలి, మధ్యన మాటలు, ఒక పక్క తెల్లటి ఖాళీ, అడుగున మునిచంద్ర. అది ఆ ఫోను నుంచి ఈ ఫోనుకు పాకి తిరుపతి చేరింది. అక్కడ సాహిత్యం చదివినవాళ్ళు పైనున్నది శీర్షిక అనుకున్నారు, అడుగునున్నది కవి పేరు అనుకున్నారు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది మరి. ఇది మీదేనా అని ఫోను చేసి అడిగారు. మునిచంద్ర నాదే అన్నాడు. ఆయన లెక్కలో అబద్ధం కూడా కాదు. ఆ కూడలిలో ఉన్న ఫ్లెక్సులన్నీ ఆయనవే.

నాగరాజు వెళ్ళాక దామోదరం మిషను మళ్ళీ వేశాడు, తన మాటలు వీధిలోకి పోకుండా. మునిచంద్ర లేకపోతే అంగడికి పండగలూ లేవు, చావులూ లేవు అన్నాడు. ఈ ఒక్కసారికి కళ్ళు మూసుకొమ్మన్నాడు. కోమలి మునిచంద్ర ఫొటోను ఆ లైన్ల పక్కన ఉన్న ఖాళీలో కూర్చోబెట్టాలని చూస్తోంది. కూర్చోలేదు. ఆయనది గుండ్రటి మొహం, చిన్న చెవులు. పైకి జరిపితే క్రాపు ‘వీధంతా’ను కొడుతోంది, కిందికి దించితే ‘గొంతు’ సరిగ్గా ఆయన మీసం మీద పడుతోంది. చిన్నది చేసింది, పెద్దది చేసింది, అద్దంలోలాగా తిప్పి కూడా చూసింది. ఆ ఖాళీ ఇంకో మనిషికి కొలిచి కోసినది. చివరికి మునిచంద్రను ఒక చివరా, మాటలను ఒక చివరా పెట్టి మధ్యన పావురాలను ఎగరేసింది.

“అంతమంది పేర్లు రాసినా గదన్నా ఈడ కూసోని,” అంది తెర మీంచి చూపు తిప్పకుండా. “తమ్ముళ్ళు, బామ్మర్దులు, అభిమానులు, శ్రేయోభిలాషులు. ఒక్కసారి నా పేరు నేను రాసిన దానికి ఉండాలనిపిస్తా ఉండాది. అంతే. ఇంగేం లేదు.”

దామోదరం రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కోమలి మునిచంద్ర ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో కొత్త జుబ్బా తొడుక్కుని అద్దంలో కవిలా చూడటం సాధన చేస్తున్నాడు. జుబ్బా కవికి సరిపోయేలా ఉంది. కవే కొంచెం బిగుతుగా ఉన్నాడు. మంచి మనిషే. వేసవిలో నీళ్ళ ట్యాంకరు తెప్పిస్తాడు, ఎవరింట్లో చావొచ్చినా ముందు పోయి పాడె దగ్గర నిలబడతాడు. అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం. కాఫీ ఇప్పించి, ఆమె చెప్పిందంతా విన్నాడు.

“ఇల్లు కట్టేది మేస్త్రీ,” అన్నాడు ఓపిగ్గా. “గృహప్రవేశం యజమాని చేస్తాడు. మేస్త్రీ వచ్చి పీటల మీద కూసుంటానంటే ఎట్లమ్మా?”

“ఇల్లు మీదేనన్నా. పీటలూ మీవే. కానీ ఆదివారం ఆడ మీకు శాలువా కప్పేది ఇంటికి గాదు, కట్టిన చేతికి.”

మునిచంద్ర నవ్వాడు. తరువాత నవ్వలేదు. కాసేపు జుబ్బా చేతులు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. పిల్ల చెన్నైలో చదువుకుంటోందట, మా నాయన కవి అని దాని స్నేహితులందరికీ పంపిందట. భార్య ఐరాలలో పుట్టింటికి ఫోను చేసి మరీ చెప్పిందట. ఇదంతా ఆయన అద్దానికి చెప్పాడు.

“ఇంతవరకూ నా మెడలో పడిన శాలువాలన్నీ నేను కొనిచ్చి కప్పించుకున్నవే కోమలీ. ఇది ఒక్కటీ పరాయోళ్ళు వాళ్ళంతట వాళ్ళు కప్పుతా ఉండారు. దీన్ని ఇడిసిపెట్టు తల్లీ. వచ్చే ఏడు నువ్వు ఇంకోటి రాస్కో, నేనే దగ్గరుండి పంపిస్తా.”

కాదనడానికి కోపం కావాలి. అక్కడ కోపం తెచ్చుకోవడానికి ఏమీ దొరకలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చేసింది.

అంగడికి పోవలసిన కాళ్ళు చౌడేశ్వరమ్మ ఇంటికి పోయాయి. వరదయ్య భార్య గుమ్మం లోపల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి నూలు జారుతుంటే కుడిచెయ్యి చక్రం తిప్పుతోంది. దారం తెగినప్పుడల్లా చూడకుండానే కొసలు కలిపి, మెలిపెట్టి, మళ్ళీ తిప్పుతుంది. పక్కగదిలో కొడుకు మగ్గాలు ఆడుతున్నాయి. అయినా ఆమె గొంతు పెంచి మాట్లాడదు; ఎదుటివాళ్ళే ముందుకు వంగి ఆమె పెదవులు చూడాలి. వీధిలో సగం మందికి ఆమె పుణ్యమా అని ఆ విద్య అబ్బింది.

కోమలి జరిగింది చెప్పింది. తనకు సన్మానం కావాలనీ లేదు, శాలువా కావాలనీ లేదు, అది రాసిన మనిషి తనేనని నలుగురిలో ఒక్కసారి ఎవరైనా అంటే చాలని చెప్పింది. అక్కడ అనడానికి తన దగ్గర ఏ ఆధారమూ లేదని కూడా చెప్పింది. అంగట్లో కంప్యూటరు దామోదరానిది, ఫ్లెక్సు మునిచంద్రది, ఫొటో వరదయ్యది.

చౌడేశ్వరమ్మ కండె నిండేదాకా చక్రం తిప్పింది. నిండినదాన్ని బుట్టలో వేసి, ఖాళీది కదురుకు ఎక్కించింది.

“అదొకసారి సదువు,” అంది.

కోమలికి కాగితం అవసరం లేకపోయింది. ఆమె చివరి మాట దగ్గరికి వచ్చేసరికి చక్రం ఆగింది.

“నేను యాడ అరిచినా పాపా ఆ పొద్దు? నాకు గొంతే రాలే. సాయంత్రం దాకా గోడకానుకోని కూసోనుంటి. నువ్వూ ఈడనే ఉంటివే.”

కోమలికి మొహం మీద నీళ్ళు చల్లినట్టయింది. రాసేటప్పుడు అది అబద్ధమని ఆమెకు తోచనే లేదు. తప్పయిపోయింది పెద్దమ్మా అంది.

“తప్పేముండాది. అరిచుంటే బాగుండు అని నాకే శానాసార్లు అనిపించింది. నువ్వు రాసినాక అరిచినట్టే ఉండాది.” చక్రం మళ్ళీ తిరిగింది. “మునిచంద్ర నేను అరిచినాననే అనుకుంటా ఉంటాడు. ఊరంతా అట్లే అనుకుంటా ఉండారు. అరవలేదని తెలిసింది నాకు, రాసినదానివి నీకు. ఆదివారం నేనూ వస్తా పద.”

ఆదివారం పుత్తూరు మీదుగా పోయే బస్సులో ఫ్లెక్సు చాపచుట్టలా చుట్టి, డ్రైవరు వెనక నిలబెట్టారు. వడమాలపేట దాటేదాకా అది మలుపు మలుపుకీ చౌడేశ్వరమ్మ భుజం మీద వాలుతూ వచ్చింది. తిరుచానూరు దగ్గర పూలబుట్టలవాళ్ళు ఎక్కి దాన్ని పక్కకు నెట్టారు. కవి మాత్రం కారులో వెళ్ళాడు.

హాలు నిండుగా ఉంది. సాహిత్యసభ నిండటం చూసి సంఘం కార్యదర్శి సుకుమార్‌కు కళ్ళు చెమర్చాయి; వచ్చినవాళ్ళలో సగం మంది మునిచంద్ర వార్డువాళ్ళని ఆయనకు తెలియదు. సుకుమార్ కథలవాడు. ఇది కవిత కాదు, చిన్న కథ అని ఆయన మొదటి నుంచీ మొత్తుకుంటున్నాడట. ఇందులో మనిషి ఉన్నాడు, సంఘటన ఉంది, మలుపు ఉంది, ఇంకేం కావాలి అంటాడు. న్యాయనిర్ణేత ఉదయలక్ష్మి కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. కథ మనల్ని తరువాతేమిటి అని పరిగెత్తిస్తుంది, ఇది అడుగడుగునా ఆపుతోంది, ఆపేది కవిత్వమే అంటుంది. ఇద్దరూ ఒకే సోఫాలో రెండు చివర్ల కూర్చున్నారు.

కోమలి వేదిక వెనక ఫ్లెక్సు తాళ్ళు బిగించి, దిగివచ్చి చౌడేశ్వరమ్మ పక్కన కూర్చుంది. దామోదరం ఆ వరసలో చివర, తలుపుకు దగ్గరగా కూర్చున్నాడు, ముంచుకొస్తే బయటపడటానికి.

శాలువా కప్పారు. ఉదయలక్ష్మి లేచి కవిత మీద మాట్లాడింది. బాగా మాట్లాడింది. లైన్లు ఎలా కుంచించుకుపోతూ వచ్చి, మళ్ళీ విచ్చుకుంటాయో వేలితో గాలిలో గీసి చూపించింది. నడుమ ‘గొంతు’ అన్న మాట ఒంటరిగా, ముందూ వెనకా ఎవరూ లేకుండా నిలబడిందని, దాని పక్కనున్న ఖాళీయే వినపడని మనిషి లోకమని చెప్పింది. ఆ ఒక్క లైనే తనను రెండు రోజులు నిద్రపోనివ్వలేదంది. తను రాసిందాన్ని ఎవరైనా అంత దగ్గరగా చూస్తారని కోమలి ఎన్నడూ అనుకోలేదు. చూస్తున్నది తనను కాదన్న సంగతి మరుక్షణం గుర్తొచ్చింది.

తరువాత ఉదయలక్ష్మి మైకు మునిచంద్ర ముందు పెట్టి, కవితను మీ గొంతులో వినాలని ఉందంది.

ఆయన చదివాడు. మునిసిపాలిటీ నోటీసులు చదివి అలవాటైన గొంతు. లైన్లు ఎక్కడ విరిగాయో చూడకుండా, చుక్క వచ్చిన చోట మాత్రం ఆగుతూ, మొదలు నుంచి చివరిదాకా గడగడా చదివేశాడు. విరిగిన ముక్కలన్నీ అతుక్కుని వాక్యాలయ్యాయి. ఆమె అరుస్తోంది అన్న మాట దగ్గర హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు. సుకుమార్ సోఫాలోంచి సగం లేచాడు. చూశారా, కథే, అన్నట్టు ఆయన మొహం వెలిగిపోయింది.

ఉదయలక్ష్మి మాత్రం ముడిపడ్డ కనుబొమలతో చూస్తోంది. ‘గొంతు’ దగ్గర ఆగలేదేమండీ, దాన్ని అక్కడ అలా ఒంటరిగా ఎందుకు నిలబెట్టారో మాకందరికీ చెప్పండి అని అడిగింది.

మునిచంద్ర కాగితం వైపు చూశాడు. కాగితం ఆయన వైపు చూసింది. శాలువా అంచుతో నుదురు తుడుచుకున్నాడు.

కోమలి లేచి నిలబడింది. లేవాలని అనుకుని లేచింది కాదు. తలుపు దగ్గర దామోదరం కూర్చోమని చేత్తో సైగ చేస్తున్నాడు.

“ఆడ చెవి ఉండాది మేడం,” అంది.

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో నవ్వారు. చెవి ఏమిటి, ఎవరి చెవి అని ఉదయలక్ష్మి అడిగింది. కోమలి మరమగ్గాల వీధిలో పెరిగింది, మైకు అవసరం రాలేదు.

“వరదయ్య పెదనాయన చెవి. ఇది ఫ్లెక్సు మేడం. కుడి పక్కన ఆయన తలకాయ ఫొటో ఉండాది. పెళ్ళి ఫొటోలో గుంపులోంచి కత్తిరించినా. మాటలు ఆ తలకాయ చుట్టూ తిరగాల. ఆయనవి పెద్ద చెవులు. చెవి అడ్డమొచ్చిన కాడ ఒక్క మాటకే చోటుండె. ‘గొంతు’ పట్టింది, ‘పెంచలేదు’ పట్టలే. కిందికి పోయింది. ఎవురో ఫోన్లో ఆయన మొహం చెరిపేసినారు. మీకు ఖాళీ మిగిలింది.”

నువ్వెవరమ్మా అన్నాడు సుకుమార్. నగరిలో ఫ్లెక్సు అంగట్లో పనిచేస్తాననీ, అది రాసింది తనేననీ చెప్పింది. నాగరాజు లేచి, కింద ఎవరి పేరుందో కళ్ళుపెట్టి చూసుకొమ్మన్నాడు. వార్డువాళ్ళు అవునన్నారు. తిరుపతివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు చౌడేశ్వరమ్మ లేచింది. ఆమె మాట ఎవరికీ వినపడలేదు. గోల దానంతటదే తగ్గి, జనం ముందుకు వంగారు. ఆమె మళ్ళీ అంది.

“నేను వరదయ్య పెండ్లాన్ని. ఆ పొద్దు నేను అరవలేదు. మునిచంద్రా, నువ్వు పాడె కాడ ఉంటివే. నేను అరిచినానా?”

మునిచంద్ర ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆ రోజు గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. గుర్తొచ్చాక ఆ మొహంలోంచి కవి దిగిపోయాడు. పాడె దగ్గర నిలబడే మనిషి తిరిగొచ్చాడు.

“లేదక్కా,” అన్నాడు మైకులోనే. “నువ్వు అరవలేదు. రాసుండేది నేనైతే, సూసింది సూసినట్టు రాసుందును.” శాలువా తీసి మడతపెట్టాడు. “మీరు ఫోన్లో మీదేనా అని అడిగితిరి మేడం. ఫ్లెక్సు నాదే. మాటలు ఆ పాపవి. రాసింది ఎవురని మీరు అడగలే, నేనూ చెప్పలే. చెప్పుండాల.”

ఆయన దిగివచ్చి శాలువాను కోమలికి కప్పబోయాడు. ఆమె పక్కకు జరిగింది. అది మీకే ఉండనీ అన్నా, కొనకుండా వచ్చింది కదా అంది. మునిచంద్ర నవ్వు ఆపుకోలేకపోయాడు. వార్డువాళ్ళు ఎందుకో తెలియకపోయినా ఆయన నవ్వాడు కాబట్టి నవ్వారు.

అప్పటికి సుకుమార్ విజయోత్సాహంలో ఉన్నాడు. చెవి వల్ల విరిగిన లైన్లు కవిత్వమెలా అవుతాయి, అతికిస్తే కథే కదా అన్నాడు. ఉదయలక్ష్మి ఆయన వైపు తిరగలేదు. కాగితం దగ్గరగా పట్టుకుని, కోమలినే అడిగింది: ఆయన కళ్ళు మూసుకున్నాడు అన్న లైను దగ్గరికి తలకాయ అయిపోయింది కదా, ఆ కింద చోటంతా ఖాళీయే కదా, మరి ‘ఇప్పుడు’ ఒక్కటీ ఒక లైనులో ఎందుకుంది? అక్కడ ఏ చెవి అడ్డమొచ్చింది?

కోమలి మొదటిసారి తడబడింది. ఇది ఎవరూ కనిపెట్టరనుకుంది. ఆ లైను కింద వృథాగా పోయిన చోటుకు దామోదరం ఆ రోజు గొణిగాడు. అక్కడ ఇద్దరు శ్రేయోభిలాషులు పట్టేవారట.

“ఆడ ఏమీ అడ్డం రాలేదు మేడం. అది నేనే చేసినా. పక్కనే రాస్తే పేపర్లో వార్త మాదిరి ఉండె. కిందికి దించితే, సదివేవాళ్ళు ఆయన కళ్ళు మూసుకున్న కాడ ఒక్క నిమిషం ఆగిపోతారు. పెద్దమ్మ ఆగిపోయినట్టు.”

సుకుమార్ సోఫాలో నెమ్మదిగా కూర్చున్నాడు. అయితే కవితే అని ఒప్పుకున్నాడు. ఉదయలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ఆవిడ అరవలేదు, ఈ అమ్మాయి అరిపించింది, జరగనిదాన్ని జరిగినదానికన్నా నిజం చేసింది, ఇది కథే అంది. ఇంతకాలం కథన్నవాడు కవిత అని, కవిత అన్నావిడ కథ అని ఒకరికొకరు అప్పగించుకుంటుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. తలుపు దగ్గర దామోదరం అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు, రెండు చేతులకూ పొట్ట కాకుండా ఇంకో పని దొరికినందుకు. ఫ్లెక్సు మీద పావురాల పక్కనున్న మునిచంద్ర కూడా అదే నవ్వుతో చూస్తున్నాడు.

కవితంతా అచ్చువేసిన ప్రశంసాపత్రం మళ్ళీ రాయాలన్నారు. సుకుమార్ పెన్ను తీసి, కాగితం అడుగున మునిచంద్ర అన్న పేరు కొట్టేసి, దాని పక్కన కోమలి పేరు రాయబోయాడు.

“సార్, ఆడ వద్దు,” అంది కోమలి.

ఎందుకన్నాడు. ఆమె ఈసారి వేదిక ఎక్కి మైకు తీసుకుంది. తిరుపతివాళ్ళకూ నగరివాళ్ళకూ కలిపి చెప్పింది.

“ఇంతసేపూ జరిగిన గందరగోళమంతా ఆ చోటుదే. మీ పుస్తకాల్లో అడుగున ఉండేది రాసినోళ్ళ పేరు. మా ఫ్లెక్సుల్లో అడుగున ఉండేది వేయించినోళ్ళ పేరు. రాసినోళ్ళ పేరు యాడా ఉండదు. మీరు మీ లెక్కన సదివినారు, అన్న మా లెక్కన నాదే అన్నాడు. ఎవురూ అబద్ధం చెప్పలే. ఇప్పుడు నా పేరు ఆడ రాస్తే, ఊర్లో దాన్ని సూసినోళ్ళు ఈ సన్మానం నేనే డబ్బులిచ్చి చేయించుకున్నాననుకుంటారు. కథో కవితో మీరు తేల్చుకోండి, నాకు తొందర్లేదు. పేరు మాత్రం పైన రాయండి.”

సుకుమార్ కాగితాన్ని కిందికి జరుపుకుని, కన్నీటి అంజలి అన్న మాటకు పైన, అంచు దగ్గర మిగిలిన కాస్త చోటులో, రాసింది కోమలి అని రాశాడు.